మన వర్జీనియా టెక్ పెద్ద జట్టయింది ఏ రోజున? పాత హోకీలు చెప్పాలి

ఆష్‌బర్న్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి ఈ ఆగస్టులో బ్లాక్స్‌బర్గ్‌లోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. మొన్న క్యాంపస్ చూసి వచ్చాం. 81వ నంబరు హైవే మీద గంటల తరబడి ప్రయాణం, రెండు పక్కలా కొండలు, పచ్చిక బయళ్లు, ఆవుల మందలు. అంత చిన్న ఊళ్లో దాదాపు 66,000 మంది పట్టే స్టేడియం ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపోయాను. గేటు దగ్గర కనిపించిన ఒక పెద్దాయనతో అదే అన్నాను. "1992లో మీరు వచ్చి ఉంటే ఇంకా ఆశ్చర్యపోయేవారు, సగం ఖాళీగా ఉండేది" అన్నాడు. ఆ మాట మనసులో ఉండిపోయింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు తెలిసింది టచ్‌డౌన్‌కు ఆరు పాయింట్లని, అంతే. ఇక్కడ ఎన్నో ఏళ్లుగా ఈ జట్టు వెంట ఉండి, హోకీలని చెప్పుకునేవాళ్లు ఉన్నారు కదా, ఎలా ఎదిగిందో చెబుతారా?

బ్లాక్స్‌బర్గ్ 91:
అమ్మా, ముందుగా మీ అమ్మాయికి శుభాకాంక్షలు. నేను 1991 ఆగస్టులో ఎమ్మెస్ చేయడానికి అక్కడికి వెళ్లాను. ఆ పెద్దాయన చెప్పింది నిజం.

1992లో మన జట్టు 11 మ్యాచ్‌లు ఆడి గెలిచింది రెండే. ఎనిమిది ఓడింది, ఒకటి సమం. ఓడిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. అక్టోబరు 31న రట్గర్స్ మీద 49 పాయింట్లు చేశాం. గడియారం సున్నాకు వచ్చే వేళ వాళ్లు టచ్‌డౌన్ చేసి 50-49తో గెలిచారు. నేను వంటింట్లో రేడియో పక్కన నిలబడి పప్పుకు పోపు పెడుతున్నాను. మూకుడులో ఆవాలు, ఎండుమిరపకాయలు నల్లగా మాడిపోయి, పొగకు అలారం మోగేదాకా నాకు స్పృహ లేదు. నా రూమ్మేటు వచ్చి కిటికీలు తెరిచాడు. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా పెరుగన్నం తిని పడుకున్నాం.

కోచ్ ఫ్రాంక్ బీమర్ అప్పటికి ఆరో ఏడాదిలో ఉన్నారు. ఆ ఆరేళ్ల లెక్క 24 గెలుపులు, 40 ఓటములు, 2 సమాలు. ఆయన రాకముందు జరిగిన నియమాల ఉల్లంఘనలకు జట్టు మీద శిక్ష పడింది, ఆటగాళ్లకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లు తగ్గిపోయాయి. ఆ భారమంతా ఈయన నెత్తిన పడింది. అయినా అభిమానులకు అవన్నీ పట్టవు కదా. ఊరంతా ఈయనను పంపేస్తారనే అనుకుంది. క్రీడా విభాగం అధిపతి డేవ్ బ్రెయిన్ పంపలేదు. బీమర్ తన సహాయ కోచ్‌లలో కొందరిని మార్చుకున్నారు, మళ్లీ పనిలో పడ్డారు. మరుసటి ఏడాది తొమ్మిది గెలిచాం.

నన్నడిగితే మన జట్టు తలరాత మారింది ఏ మ్యాచ్‌లోనూ కాదు. 1992 సీజను అయిపోయాక, ఆయన ఉద్యోగం నిలబడిన రోజున మారింది.

గుంటూరు హోకీ:
అన్నయ్యా, మీ మాట కాదనను. కానీ నేను ఆ రోజు అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, అసలు రోజు 1995 సెప్టెంబరు 23.

ఆ ఏడాది మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడాం. బోస్టన్ కాలేజీ చేతిలో ఒకటి. తర్వాత మన సొంత మైదానంలో సిన్సినాటి చేతిలో 16-0, ఒక్క పాయింటు కూడా రాలేదు. మూడోది మయామీతో. వాళ్లను మనం అంతకు ముందు 12 సార్లు ఎదుర్కొని ఒక్కసారి కూడా గెలవలేదు. నాతో వచ్చిన స్నేహితుడు సగంలో లేచి వెళ్లిపోదామని ముందే మాట తీసుకున్నాడు, మర్నాడు పరీక్ష ఉందని. ఆఖరి నిమిషం దాకా కదల్లేదు. 13-7తో గెలిచాం.

ఆ తర్వాత ఓటమి అన్నది లేదు. ఛార్లెట్స్‌విల్‌లో మన పాత ప్రత్యర్థి వర్జీనియా యూనివర్సిటీ మీద చివరి భాగంలో వెనకబడి, ఆఖరి నిమిషంలో టచ్‌డౌన్ చేసి ముందుకొచ్చాం. ఇంకా కొన్ని సెకన్లే ఉండగా వాళ్లు విసిరిన బంతిని ఆంటోనియో బ్యాంక్స్ పట్టుకుని అటు నుంచి అటే పరిగెత్తి ఇంకో టచ్‌డౌన్ చేశాడు. 36-29. డిసెంబరు 31న న్యూ ఓర్లీన్స్‌లో షుగర్ బౌల్. టెక్సస్ 10-0తో ముందుంది. వాళ్లు తన్ని వదిలేసిన బంతిని, అంటే పంట్‌ను, బ్రయన్ స్టిల్ పట్టుకుని 60 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అక్కడి నుంచి మనదే ఆట, 28-10. టెక్సస్ లాంటి జట్టును! ఇక అప్పటి నుంచి ప్రతి ఏడూ బౌల్‌కు వెళ్లాం.

బ్లాక్స్‌బర్గ్ 91:
తమ్ముడూ, ఒక్క సవరణ. బౌల్‌ల వరస 1995లో మొదలవలేదు, 1993లో మొదలైంది. ఆ డిసెంబరు 31న ష్రీవ్‌పోర్ట్‌లో ఇండిపెండెన్స్ బౌల్, ఇండియానా మీద 45-20. అప్పటి నుంచి 2019 దాకా వరసగా 27 ఏళ్లు. మయామీ గెలుపు గురించి మాత్రం నువ్వు చెప్పింది ఒప్పుకుంటాను.

గుంటూరు హోకీ:
అవును అన్నయ్యా, 1993 నాకు తట్టలేదు. నేను రాకముందు సంగతి.

ఆష్‌బర్న్ అమ్మ:
చదువుతుంటే ఒళ్లు పులకరిస్తోంది. రెండు సందేహాలు. బౌల్ అంటే ఏమిటి? అసలు హోకీ అంటే అర్థం ఏమిటి?

బ్లాక్స్‌బర్గ్ 91:
సీజను ముగిశాక, బాగా ఆడిన జట్లను పిలిచి వేరే ఊళ్లో ఆడించే ప్రత్యేక మ్యాచ్‌ను బౌల్ అంటారు. పిలుపు రావడమే గౌరవం. మన విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ మొదలైంది 1892లో. 1993 రాకముందు వందేళ్లలో గెలిచిన బౌల్ ఒకే ఒక్కటి, 1986లో పీచ్ బౌల్. అదీ ఆఖరి కిక్కుతో, 25-24. మనం ఎక్కడి నుంచి వచ్చామో దీన్ని బట్టి చూడండి.

హోకీకి అర్థం లేదమ్మా. 1896లో విద్యార్థుల కోసం కొత్త నినాదం రాసే పోటీ పెడితే ఒక విద్యార్థి కల్పించిన మాట అది. నోట్లో బాగా పలుకుతుంది కాబట్టి నిలిచిపోయింది.

న్యూపోర్ట్ న్యూస్ డాక్టరు:
నేను టెక్‌లో చదవలేదు. మా అబ్బాయి చదివాడు. కానీ 1988 నుంచి సముద్రం పక్కన ఈ ఊళ్లో ఉన్నాను, ఈ కథలో మా ఊరికి వాటా ఉంది కాబట్టి రాస్తున్నాను.

మా ప్రాంతపు పిల్లలు ఈ ఆటలో చిచ్చరపిడుగులు. నార్ఫోక్ కుర్రాడు బ్రూస్ స్మిత్ బీమర్ రాకముందే టెక్‌లో ఆడి, 1985లో ఎన్ఎఫ్ఎల్ అనే వృత్తి ఆటగాళ్ల లీగు ఎంపికలో మొట్టమొదటి వాడయ్యాడు. కానీ ఇక్కడి మెరికల్లాంటి పిల్లల్ని పెద్ద పెద్ద జట్లు వచ్చి ఎగరేసుకుపోయేవి. బీమర్ మనుషులు ఏళ్ల తరబడి ఈ పాఠశాలల చుట్టూ తిరిగారు. వార్విక్ హైస్కూల్ నుంచి మైకేల్ విక్ టెక్‌కు వెళ్లాడు. మీరందరూ ఏమన్నా సరే, దేశం మొత్తం టీవీ ముందు కూర్చుని టెక్ ఆటను చూసింది 1999లో, ఆ ఎడమచేతి కుర్రాడి కోసం.

నవంబరు 6న వెస్ట్ వర్జీనియా మ్యాచ్ మా ఇంట్లో పదిహేను మంది కలిసి చూశాం. మనం ఒక్క పాయింటు వెనక. ఒక నిమిషానికి కాస్త ఎక్కువ మిగిలింది, బంతి మన కొసన ఉంది. విక్ గీత వెంబడి 26 గజాలు పరిగెత్తాడు. మా ఆవిడ పట్టుకున్న కాఫీ గ్లాసు పళ్లెం అలాగే చేతుల్లో ఉండిపోయింది. చివరకు షేన్ గ్రాహం 44 గజాల నుంచి బంతిని స్తంభాల మధ్యకు తన్నాడు. 22-20. కాఫీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

11 ఆడి 11 గెలిచి, జాతీయ ఛాంపియన్‌షిప్ కోసం 2000 జనవరి 4న షుగర్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్‌తో తలపడ్డాం. 28-7తో వెనకబడి కూడా మూడో భాగం ముగిసేసరికి 29-28తో ముందుకొచ్చాం. విక్ అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లవాడు. చివరి భాగంలో అలసిపోయాం, 46-29తో ఓడాం. నా దృష్టిలో టెక్ పెద్ద జట్టయింది ఆ ఓటమి రాత్రే. ఊరంతా ఏడ్చింది, కానీ తల దించుకున్నవాళ్లు ఎవరూ లేరు.

కొత్తగూడెం హోకీ:
డాక్టరు గారూ, విక్ అంటే నాకూ ప్రాణం. కానీ ఆ 1999 జట్టును విక్ జట్టు అంటే నేను ఒప్పుకోలేను. సిరక్యూస్ మీద 62-0తో గెలిచాం గుర్తుందా? ఆ సున్నా ఎవరిది? డిఫెన్స్‌ది, అంటే అడ్డుకునే దళానిది. కోరీ మూర్ ఆ ఏడాది దేశంలోనే మేటి డిఫెన్స్ ఆటగాడిగా నగుర్‌స్కీ, లొంబార్డీ అవార్డులు రెండూ తీసుకున్నాడు.

నేను కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి, మైనింగ్‌లోనే ఎమ్మెస్ చేయడానికి 1998లో టెక్‌కు వచ్చాను. మా నాన్నగారు సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేశారు. మొదటి నెలల్లో ఈ ఆట నాకు తలకెక్కలేదు. కుప్పలా పడతారు, లేస్తారు, మళ్లీ పడతారు. ఒక శనివారం మైదానం పక్కన డిఫెన్స్ ఆటగాళ్ల దగ్గర ఒక పాత టిఫిన్ డబ్బా చూశాను. సొట్టలు పడి, రంగు వెలిసిపోయి ఉంది. ఇదేమిటని పక్కవాణ్ని అడిగాను. అది బొగ్గుగని కార్మికుడి డబ్బా అని, డిఫెన్స్ కోచ్ బడ్ ఫాస్టర్ 1995 నుంచి దాన్ని జట్టు గుర్తుగా పెట్టుకున్నారని చెప్పాడు. రోజూ డబ్బా పట్టుకుని పనిలోకి దిగే మనిషిలా ఆడాలి, అదీ దాని భావం. ఎవరు దాన్ని పట్టుకుని నడవాలన్నది ఆటలో సంపాదించుకోవలసిన గౌరవం.

మా నాన్నగారి డబ్బా స్టీలుది, మూత పక్కన చిన్న సొట్ట ఉండేది. మొదటి షిఫ్టుకు తెల్లవారుజామున అమ్మ అందులో అన్నం, గోంగూర పచ్చడి సర్ది, మూత బిగుసుకోక రెండుసార్లు అరచేత్తో కొట్టేది. ఆ చప్పుడుకే నాకు రోజూ మెలకువ వచ్చేది. ఏడు సముద్రాల అవతల, 50,000 మంది మధ్య ఆ డబ్బాను చూసి నేను ఏడ్చాను. ఆ రోజు నుంచి నేను హోకీని. నైరుతి వర్జీనియా కూడా బొగ్గు దేశమే. తర్వాత చదువు పని మీద ఆ గనులకు వెళ్లినప్పుడు ఎక్కడ చూసినా మరూన్, నారింజ రంగు టోపీలే.

గుంటూరు హోకీ:
అన్నా, ఈ సంగతి ఇన్నేళ్లలో మీరు ఎప్పుడూ చెప్పలేదు. చదివి కాసేపు ఊరికే కూర్చున్నాను.

బ్లాక్స్‌బర్గ్ 91:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. విక్ రాకముందు, ఆ డిఫెన్స్‌కు పేరు రాకముందు మనల్ని గెలిపించింది కిక్కుల ఆట. అమ్మగారి కోసం వివరంగా రాస్తాను.

ఈ ఆటలో దాడి చేసే దళం వేరు, అడ్డుకునే దళం వేరు. బంతిని తన్నే సందర్భాలకు మూడో దళం ఉంటుంది, దాన్ని స్పెషల్ టీమ్స్ అంటారు. చాలా జట్లలో అది రెండో వరస ఆటగాళ్ల పని, ఒక సహాయ కోచ్ చూసుకుంటాడు. బీమర్ ప్రధాన కోచ్‌గా ఉండి కూడా దాన్ని తన చేతుల్లోనే పెట్టుకున్నారు. తన మేటి ఆటగాళ్లనే అందులోకి దించారు. ఎందుకంటే డబ్బున్న జట్లతో ఒంటికి ఒళ్లు, వేగానికి వేగం పోటీపడే పిల్లలు మొదట్లో మన దగ్గర లేరు. కిక్కు దగ్గర మాత్రం పట్టుదల, సాధన ఉన్నవాడు ఎవడైనా గెలవగలడు. ప్రత్యర్థి తన్నే బంతిని చేతులు చాచి మధ్యలోనే అడ్డుకుంటే 40 గజాలు ఒక్క దెబ్బతో కలిసొస్తాయి. ఆయన హయాంలో అలా అడ్డుకున్నవి వందకు పైగా. బీమర్‌బాల్ అన్న పేరు అలా వచ్చింది.

డాక్టరు గారు చెప్పిన ఛాంపియన్‌షిప్ ఓటమిలో నన్ను ఇప్పటికీ పొడిచేది ఇదే. ఫ్లోరిడా స్టేట్ మన పంట్‌ను అడ్డుకుని ఒక టచ్‌డౌన్ చేసింది, పీటర్ వారిక్ పంట్ పట్టుకుని పరిగెత్తి ఇంకోటి చేశాడు. మన విద్యతోనే మనల్ని కొట్టారు.

బీమర్ ఆ కొండల మనిషే. ఫ్యాన్సీ గ్యాప్‌లో పెరిగారు. ఏడేళ్ల వయసులో పెట్రోలు డబ్బా పేలి ఒళ్లు కాలింది, మెడ మీద ఆ మచ్చలు కనబడుతూనే ఉంటాయి. ఎన్నోసార్లు చర్మం అతికించే శస్త్రచికిత్సలు చేశారు. పెద్దయ్యాక ఇదే టెక్‌లో చదివి, ఇదే జట్టుకు ఆడారు. 2000 నవంబరులో నార్త్ కరోలినా వాళ్లు పిలిస్తే వెళ్లి, దాదాపు ఒప్పుకుని, తిరిగొచ్చారు. ఆ రెండు రోజులు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

తాళంచెవి 2003:
నేను 2003 ఆగస్టులో విజయవాడ నుంచి వచ్చాను. నాకు ఒకే ఒక్క రాత్రి తెలుసు, అదే రాస్తాను.

నవంబరు 1. మళ్లీ మయామీ. రెగ్యులర్ సీజనులో వరసగా 39 మ్యాచ్‌లు గెలిచి వచ్చారు. నాకు అదే మొదటి మ్యాచ్. అమ్మగారూ, ఒక జట్టుకు పది గజాలు ముందుకు వెళ్లడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. మూడోసారి ఆపగలిగితే మామూలుగా నాలుగోసారి వాళ్లు బంతిని తన్ని వదులుకుంటారు. అందుకే ప్రత్యర్థికి ఆ మూడో అవకాశం, అంటే మూడో డౌన్, రాగానే మన స్టేడియంలో అందరూ తాళంచెవుల గుత్తులు పైకెత్తి గలగలలాడిస్తారు.

నాకు కారు లేదు, ఇల్లు లేదు. జేబులో రెండే తాళంచెవులు. ఒకటి గదిది, రెండోది సూట్‌కేసు తాళానికి వచ్చే చిట్టిది. ఎంత ఊపినా చప్పుడు లేదు. పక్క సీట్లో టోపీ పెట్టుకున్న ముసలి రైతు అది చూశాడు. ఏమీ అనకుండా తన గుత్తి విప్పి, సగం తాళంచెవులు నా రింగుకు ఎక్కించాడు. ట్రాక్టరుది, గొడ్ల పాకది, డీజిల్ ట్యాంకుది అని ఒక్కొక్కటి చెబుతూ ఎక్కించాడు. నూనె మరకలతో జిడ్డుగా, బరువుగా ఉన్నాయి. అప్పుడు మోగింది నా చెయ్యి.

డీఏంజెలో హాల్ మయామీ ఆటగాడి చేతుల్లోంచి బంతిని లాగేసుకుని పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన క్షణంలో ఆ రైతు నన్ను ఎత్తేసినంత పని చేశాడు. 31-7తో గెలిచాం. అయిపోయాక మెట్ల మీద నిలబడి, తాళంచెవులన్నీ తీసి లెక్కపెట్టి ఇచ్చాను. అన్నీ తీసుకుని ఒక్కటి మాత్రం నాకే వెనక్కి ఇచ్చాడు. దాని తాళం ఎప్పుడో పోయిందట.

చాంటిల్లీ అక్క:
నేను 2004 నుంచి 2009 దాకా అక్కడ పీహెచ్‌డీ చేశాను. మనం ఏసీసీ అనే విశ్వవిద్యాలయ జట్ల కూటమిలో చేరిన మొదటి ఏడాదే, 2004లో, ఛాంపియన్లమయ్యాం. తర్వాత 2007లో, 2008లో, 2010లో. అవన్నీ సంతోషాలే. కానీ నేను రాయవలసింది వేరే ఉంది.

2007 ఏప్రిల్ 16న మన క్యాంపస్‌లో ఒకడు తుపాకీతో 32 మందిని చంపేశాడు. నోరిస్ హాల్‌లో పాఠం చెబుతున్న ఆచార్యులు జి.వి. లోగనాథన్ గారు వాళ్లలో ఒకరు. తమిళనాడు నుంచి వచ్చి అక్కడ పాతికేళ్లుగా బోధిస్తున్న మనిషి. ఆ రోజు హైదరాబాదు నుంచి మా అమ్మ ఫోను కలవడానికి ఆరు గంటలు పట్టింది. నా గొంతు విని ఏమీ మాట్లాడలేకపోయింది. ఆ వేసవి అంతా మేం గదుల్లోంచి బయటికి రావడానికి కూడా ఒకరి తోడు వెతుక్కున్నాం.

సెప్టెంబరు 1న సొంత మైదానంలో మొదటి మ్యాచ్, ఈస్ట్ కరోలినాతో. వెళ్లాలా వద్దా అని ఆ ఉదయం దాకా తేల్చుకోలేదు. వెళ్లాను. 32 నారింజ రంగు బెలూన్లు వదిలారు. అన్ని వేల మంది ఉన్న చోట గాలి చప్పుడు వినబడింది. అవి కొండ మీదుగా కనుమరుగయ్యేదాకా ఎవరూ తల దించలేదు. ప్రత్యర్థులైన ఈస్ట్ కరోలినా వాళ్లు మృతుల స్మారక నిధికి 1,00,000 డాలర్లు ఇచ్చారు. తర్వాత ఎప్పటిలాగే మెటాలికా అనే రాక్ బృందం పాట మొదలైంది, జట్టు సొరంగం గుమ్మం మీది హోకీ రాతిని తాకుతూ బయటికి వచ్చింది. ఆ పాటకు స్టేడియం అంతా గెంతడం అలవాటు. గెంతాలా అని ఒక క్షణం అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా పక్కనున్న అమ్మాయి ఏడుస్తూనే గెంతడం మొదలుపెట్టింది. నేనూ గెంతాను. 17-7తో గెలిచాం. అంత గొప్పగా ఏమీ ఆడలేదు ఆ రోజు. కానీ ఆ వేసవి తర్వాత నేను మొదటిసారి హాయిగా నిద్రపోయింది ఆ రాత్రే.

న్యూపోర్ట్ న్యూస్ డాక్టరు:
అమ్మా, మా అబ్బాయి ఆ మ్యాచ్‌కు వెళ్లాడు. ఇన్నేళ్లయినా దాని గురించి మాతో మాట్లాడలేదు. మీరు రాసింది వాడికి పంపుతున్నాను.

ఆష్‌బర్న్ అమ్మ:
అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా అమ్మాయీ నేనూ పక్కపక్కనే కూర్చుని చదివాం. బీమర్ గారు ఇంకా ఉన్నారా జట్టులో?

బ్లాక్స్‌బర్గ్ 91:
2015లో విరమించుకున్నారమ్మా. 29 సీజన్లు, టెక్‌లో 238 గెలుపులు. ఆఖరి మ్యాచ్ మళ్లీ ష్రీవ్‌పోర్ట్‌లోనే, అదే ఇండిపెండెన్స్ బౌల్, టల్సా మీద 55-52. నేను వెళ్లాను. 1993లో వెళ్లడానికి డబ్బుల్లేక టీవీలో చూశాను, అందుకని ఈసారి మా ఆవిడను కూడా తీసుకుని వెళ్లాను. ఆయన ఆడిన రోజుల్లో వేసుకున్న 25 నంబరు చొక్కాను ఇప్పుడు స్పెషల్ టీమ్స్‌లో బాగా ఆడినవాడికి ఇస్తారు. మీ అమ్మాయి మొదటి మ్యాచ్‌లో ఆ నంబరు ఎవరు వేసుకున్నారో చూడమనండి.

ఆష్‌బర్న్ అమ్మ:
తప్పకుండా చెబుతాను. అమ్మాయి ఒక ప్రశ్న అడగమంది. తాళంచెవి 2003 గారూ, ఆ రైతు ఇచ్చిన తాళంచెవి ఇంకా ఉందా?

తాళంచెవి 2003:
ఉందమ్మా. నా కారు తాళంచెవితో పాటే ఉంటుంది. పళ్లు అరిగిపోయాయి. సెప్టెంబరులో మొదటి మ్యాచ్‌కు నేను వస్తున్నాను. మీ అమ్మాయి దగ్గర కూడా అప్పటికి గది తాళంచెవి ఒక్కటే ఉంటుంది కాబట్టి, తూర్పు వైపు గేటు దగ్గర కలవమనండి.